రాజీకాగితం చదవటం

న్యాయశాస్త్రం బోధించే గురువులను గురించి తెలుగు ఉపన్యాసకుడు రాయటమేమిటని మిత్రులు అడగవచ్చు. 2022 వర్షాకాలానికి ముందైతే నేనూ అదే మాట అడిగి వుండేవాణ్ణి.

ఆ వర్షాకాలంలో ఒక సాయంత్రం, క్లాసు ముగిసి అందరూ వెళ్లిపోయిన తర్వాత, ఒక విద్యార్థి నా బల్ల దగ్గర నిలబడిపోయాడు. జిన్నారం మండలంలోని ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడు, బి.ఏ. రెండవ సంవత్సరం. ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టుకున్న కాగితమొకటి తీసి, "సార్, మీరు పెద్ద పెద్ద పద్యాలకు అర్థం చెప్తరు గదా, దీంట్ల ఏం రాసిండ్రో జర చెప్పుండ్రి" అన్నాడు.

వంద రూపాయల స్టాంపు కాగితం. ఆసాంతం ఇంగ్లీషు. అతని తండ్రి ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. పనిలో ద్రావకం చిమ్మి కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన మూడవ రోజున సూపర్‌వైజరూ, ఊళ్లో నలుగురు పెద్దమనుషులూ అరుగు మీద కూచుని మాట్లాడి, కొంత డబ్బు ఇప్పించి, ఈ కాగితం మీద ముద్ర తీసుకున్నారు. అతనికి సంతకం వచ్చు. కుడిచేతికి కట్టు వున్నది గనుక ఎడమ బొటనవేలి ముద్ర వేయించారు. కాగితంలో మాత్రం, ఎవరి బలవంతమూ లేకుండా, సంపూర్ణమైన స్వేచ్ఛతో, విషయం యావత్తూ చదివి గ్రహించి ఒప్పుకున్నట్టు వున్నది. ఇకమీదట ఏ కోర్టులో గాని, ఏ అధికారి ముందు గాని ఏ విధమైన హక్కూ కోరనని వున్నది. పైన పెద్ద అక్షరాలతో "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని వున్నది.

అందులోని మాటలన్నీ నాకు తెలిసినవే. అయినా ఆ కాగితం ఏం చేస్తుందో, అది నిలుస్తుందో నిలవదో నాకు తెలియలేదు. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా, ఎనిమిదేళ్ల బోధనానుభవం, ప్రబంధాలలో శ్లేష విడదీయగల నేర్పు - ఇవేవీ అక్కరకు రాలేదు. "రేపు చెప్తాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

నగరంలో న్యాయకళాశాలలో పాఠం చెప్పే మిత్రుడొకరున్నారు. ఆదివారం ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కాగితం ఒకసారి చూసి, కుర్రవాడి చేతికే తిరిగి ఇచ్చి, "నువ్వే చదువు" అన్నారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు. నీళ్లు నమిలాడు. ఆయన వదలలేదు. ఒక్కొక్క వాక్యంలో క్రియ ఎక్కడున్నదో పట్టుకోమన్నారు. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, వదులుకునేదెవరు అని మూడు గడులు గీయించారు. ప్రతి వాక్యాన్నీ తెలుగులో రాయించారు. సాయంత్రం గడిచేసరికి పిల్లవాడు తలెత్తి, "సార్, ఇచ్చేది ఒక్క వాక్యమే వున్నది, వదులుకునేటియి పదకొండున్నయి" అన్నాడు.

రెండవ ఆదివారం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం తెరిచారు. పనిలో గాయపడిన కార్మికుడు తన పరిహారపు హక్కును వదులుకుంటూ చేసుకునే ఏ ఒడంబడికైనా, యజమాని బాధ్యతను తీసివేసే మేరకు, తగ్గించే మేరకు చెల్లదని ఆ చట్టంలోని 17వ సెక్షను చెప్పింది. పరిహారాన్ని ఒకేసారి ముట్టజెప్పే ఒప్పందాన్ని కమిషనరు దగ్గర నమోదు చేయించాలనీ, మొత్తం చాలదనిపించినా, మోసమో ఒత్తిడో వున్నదనిపించినా కమిషనరు దాన్ని నిరాకరించవచ్చుననీ 28వ సెక్షను చెప్పింది. కార్మికుడు చనిపోతే పరిహారాన్ని కమిషనరు దగ్గరే జమచేయాలి. కుటుంబం చేతిలో నేరుగా పెట్టిన డబ్బును పరిహారం కింద లెక్కగట్టరాదని 8వ సెక్షను. ఈ.ఎస్.ఐ. కార్డు వున్నవాడైతే దారి వేరు. అది కూడా అడిగి తెలుసుకున్నారు. ఏ దారి అయినా అరుగుమీద రాసిన కాగితంతో మూసుకుపోదని తేలింది.

కుర్రవాడు 17వ సెక్షను మూడుసార్లు చదివాడు. ఎనిమిదేళ్లలో నేను చెప్పిన ఏ పద్యాన్నీ ఏ విద్యార్థీ అట్లా చదవలేదు. ఈ మాట ఈర్ష్యతోనే రాస్తున్నాను.

న్యాయశాస్త్ర గురువులు ఈనాడు రెండు పనులను విడివిడిగా లెక్కపెట్టుకుంటున్నారు. వెనుకబడిన విద్యార్థిని చదువులో నిలబెట్టటం ఒకటి. అమెరికా న్యాయకళాశాలల్లో "అకడమిక్ సక్సెస్" అనే పేరుతో దీనికి ప్రత్యేకంగా అధ్యాపకులే వున్నారు. నల్లజాతివారికీ బీదవారికీ న్యాయవిద్య తలుపులు తెరవాలని 1968లో అక్కడ ఏర్పడిన సంస్థ నాటినుంచీ ఈ ఆలోచన పెరుగుతూ వచ్చింది. రెండవది వివాద పరిష్కారం: కోర్టు గుమ్మం తొక్కకుండా రాజీ, మధ్యవర్తిత్వం, లోక్ అదాలత్ మొదలైన మార్గాలు నేర్పటం. ఇవి రెండు పనులు కావనీ, మొదటిది లేనిచోట రెండవది బలవంతుడి పక్షాన పనిచేస్తుందనీ నా వాదన. జిన్నారం ప్రాంతపు చరిత్ర నుంచే దానికి రుజువులు చూపటానికి ప్రయత్నిస్తాను.

నిజాం రాజ్యంలో న్యాయం తెలుగువాడికి రెండు గోడల అవతల వుండేది. ఒకటి భాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య నేర్పి దేశానికే మార్గదర్శకమైందని గొప్పగా చెబుతాం. అందులో నిజం వున్నది. న్యాయశాస్త్ర గ్రంథాలను సైతం అనువాద శాఖ వారు ఉర్దూలోకి తెచ్చారు; అంత శ్రమ మరే విశ్వవిద్యాలయమూ పడలేదు. కాని రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. వకీలు వాదించేది, మున్సిఫు తీర్పు చెప్పేది ఉర్దూలో. కక్షిదారుడు ఏడ్చేది తెలుగులో. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు వంతు ఎన్నడూ రాలేదు. ఒక పరాయి గోడ కూలి ఇంకొకటి లేచే నడుమ రైతుకు కాస్త ఎండపొడ తగిలి వుంటుందేమో, అంతకు మించి ఏమీ జరగలేదు.

ఈ అవమానాన్ని మొదట గుర్తించినవారు వకీళ్లే కావటం ఆలోచించదగిన విషయం. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూచోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. మాడపాటి హనుమంతరావు మొదలైన వకీళ్లు పల్లెల్లో వెట్టిచాకిరీ మీద వున్న సర్కారు ఫర్మానాలను వెదికి తీసి, చట్టం వెట్టిని నిషేధించిందని జనానికి తెలియజెప్పారు. గమనించండి: వారు కొత్త చట్టమేదీ అడగలేదు. వున్న చట్టాన్ని చదివి వినిపించారు. అదే తిరుగుబాటయింది. 1930లో ప్రథమాంధ్ర మహాసభ మన జోగిపేటలోనే జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి, ఆయనా న్యాయశాస్త్రం చదివినవాడే. నాటి వకీళ్లకు వర్గపరిమితులు లేకపోలేదు. విన్నపాల దగ్గర ఆగిపోదామన్నవారికీ, భూమి సంగతి తేల్చాలన్నవారికీ 1944 భువనగిరి సభలో దారులు చీలిపోయినాయి. అయినా చట్టాన్ని జనభాషలోకి దించటం రాజకీయ కార్యమని తొలుత గ్రహించినవారు వారు.

రెండవ గోడ గడీ. ఈనాడు "ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం" అని కొత్త పేరుతో చెబుతున్న దాన్ని మన పల్లెలు తరతరాలుగా ఎరుగును. కోర్టు అక్కరలేదు, వకీలు అక్కరలేదు, స్టాంపు ఖర్చు లేదు, ఒక పూటలో తీర్పు! దేశ్‌ముఖు వాకిట్లో పంచాయితీ జరిగేది. గట్టు తగాదాకు, గొడ్డు తగాదాకు, ఆలుమగల తగాదాకు తప్పు కట్టించుకుని రాజీ చేసేవాడు దొర. రాజీపడనివాడు ఊళ్లో బతకలేడు. తగాదా దొరతోనే అయినప్పుడు పంచాయితీ చెప్పేదీ దొరే. "మన పూర్వపు పంచాయితీ వ్యవస్థకు తిరిగి వెళుతున్నాం" అని లోక్ అదాలత్ సభల్లో పెద్దలు ఉపన్యసించినప్పుడల్లా, ఏ పంచాయితీకి అని అడగబుద్ధి పుడుతుంది. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో సంఘం లేచినప్పుడు మొదట చేసిన పనుల్లో ఒకటి దొర పంచాయితీని రద్దుచేసి, గ్రామ కమిటీ ద్వారా తగాదాలు తీర్చటం. అక్కడా రాజీలే జరిగాయి, అక్కడా వకీళ్లు లేరు. కాని పంచాయితీలో కూచున్న బీదవాడి వెనుక సంఘం వున్నది. రాజీకి ఒప్పుకోను అని లేచిపోగల శక్తి అతనికి వచ్చింది. ఆ శక్తి వున్నప్పుడే రాజీకి ఆ పేరు తగుతుంది.

ఇక జిన్నారం సంగతి. 1970ల నుంచీ పటాన్‌చెరు, ఆ తర్వాత ఈ మండలంలోని బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామిక వాడలయినాయి. వెనుకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి ఫ్యాక్టరీలు రప్పించారు. రసాయనాలు, మందులు, రంగులు. వాటి మురికినీరు కుంటల్లోకి, వాగుల్లోకి, నక్కవాగు గుండా మంజీరలోకి దిగింది. మెట్టపంటల మీద ప్రపంచానికంతకూ పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972లో ఇదే పటాన్‌చెరులో వెలిసింది. దాని గోడ బయట కొద్ది మైళ్లలో బావుల నీళ్లు రంగు మారి పొలాలు పడావు పడ్డాయి. ఇటువంటి ఎకసెక్కం ఏ కథకుడు రాసినా అతిశయోక్తి అని విమర్శించి వుండేవాళ్లం. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో వుండేదానికన్న ఎక్కువ. వాసన బట్టి రైతుకు ఏనాడో తెలిసిన సత్యానికి అంకె దొరికింది.

అంకె లేని కాలంలో పల్లెల్లో ఏం జరిగింది? రాజీలు జరిగాయి. గొడ్లు చచ్చినప్పుడు, చేపలు తేలినప్పుడు, వరి మాడినప్పుడు ఫ్యాక్టరీ మనిషి వచ్చి పెద్దమనుషులతో కూచుని ఇంత అని ఇచ్చి వెళ్లటం ఈ వాడలో పెద్దవాళ్లంతా ఎరిగిన సంగతి. ఈ ఏటి పంటకు రాజీ అయింది. భూమి మాట రాలేదు. గొడ్డుకు రాజీ అయింది. నీటి మాట రాలేదు. నలుగురు రైతులతో రాజీ అయింది; వాగు దిగువనున్న నలభైమందిని ఎవరూ పిలవలేదు.

దీనికి భిన్నమైన దారి తొక్కినవారూ వున్నారు. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు రోగుల లెక్కలు చేతబట్టుకుని దశాబ్దాలు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో 1056వ నంబరు రిట్ దాఖలైంది. మెదక్ జిల్లా జడ్జి సంగారెడ్డి కోర్టు నుంచి పల్లెలకు వచ్చి నష్టాన్ని విచారించి నివేదిక ఇచ్చారు. 2001లో కేసు హైకోర్టుకు మారింది. 2013లో హరిత ట్రిబ్యునలుకు మారింది. 2017 అక్టోబరులో చెన్నై బెంచి తీర్పు చెప్పింది. ఇరవైయేడేళ్లు. కేసు వేసిననాడు పుట్టిన పిల్లవాడికి పెళ్లీడు వచ్చేంత కాలం. ఇది చూసిన రైతు, "సార్, కోర్టుకన్న అరుగే నయం" అంటే అతన్ని తప్పుపట్టే మొగం మనకు లేదు. రాజీని సమర్థించేవారి బలమైన వాదన ఇదే, దీన్ని దాటవేసి ముందుకు పోవటం నిజాయితీ కాదు.

ఈ ఇరవైయేడేళ్లలోనే దేశంలో న్యాయవిద్య రూపం మారిపోయింది. మాధవ మీనన్ బెంగుళూరు జాతీయ న్యాయ పాఠశాలను నిలబెట్టిన తర్వాత, ఆ నమూనాలో 1998లో హైదరాబాదుకు నల్సార్ వచ్చింది. శామీర్‌పేటలోని ఆ విశ్వవిద్యాలయం జిన్నారానికి గంట దూరం. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995లో అమలులోకి వచ్చి లోక్ అదాలత్‌కు శాసనబలం ఇచ్చింది. 1999లో సివిల్ ప్రొసీజరు కోడులో 89వ సెక్షను చేర్చి, 2002 నుంచి కోర్టులే కేసులను రాజీమార్గానికి పంపే ఏర్పాటు చేశారు. వివాద పరిష్కారం న్యాయకళాశాలల్లో తప్పనిసరి పాఠమైంది. నల్సార్‌లో ఆచార్యుడుగా వుండిన మాడభూషి శ్రీధర్ ఈ విషయం మీద పాఠ్యగ్రంథమే రాశారు. వరంగల్లులో "జనధర్మ" పత్రిక నడిపిన ఎం.ఎస్. ఆచార్య కుమారుడు, పాత్రికేయుడుగా మొదలై న్యాయాచార్యుడైనవాడు, చట్టాన్ని తెలుగు పత్రికల్లో తెలుగువాడికి అర్థమయ్యేట్టు రాయటం మానలేదు. 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనరుగా పనిచేశారు. రాజీ గురించి బోధించిన ఆచార్యుడు సమాచార హక్కు పీఠం మీదికి వెళ్లటం నాకు యాదృచ్ఛికంగా కనిపించదు. ఎదుటివాడి దగ్గరున్న కాగితం చూడకుండా ఎవడైనా దేనికి రాజీపడగలడు? నక్కవాగు రైతుకు ఫ్యాక్టరీ పరీక్షల రికార్డు ముందే చేతికి వచ్చి వుంటే గొడ్డు ధర దగ్గర బేరం ఆగేది కాదు.

లోక్ అదాలత్ పనికిమాలినదని నేనటం లేదు. రుసుము లేదు, వేసినవారికి కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, మోటారు ప్రమాదాలు, గట్టు తగాదాలు, కుటుంబ కలహాలు ఎన్నో అక్కడ తెమిలిపోతున్నాయి. కాని అక్కడి రాజీ మీద అప్పీలు లేదు. అదాలత్ తనంతట తాను తీర్పు చెప్పకూడదనీ, పక్షాలు ఒప్పుకున్నదాన్ని నమోదు చేయటమే దాని పని అనీ సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. కనుక భారమంతా "ఒప్పుకున్నాను" అనే ఒక్క మాట మీద పడుతున్నది. ఆ మాట అన్నవాడికి తాను దేన్ని వదులుతున్నాడో తెలిసి వుండాలి. ఆ తెలివిడి ఇచ్చే పని ఎవరిది?

అమెరికాలో న్యాయాచార్యులు కొందరు ఈ చర్చ నలభై యాభై యేళ్ల క్రితమే చేశారు. మార్క్ గాలంటర్ 1974లో రాసిన వ్యాసంలో కక్షిదారులను రెండు రకాలుగా విడదీశాడు: జీవితంలో ఒక్కసారి కోర్టు మెట్లెక్కేవాడు, నిత్యం ఎక్కి దిగేవాడు. బీమా కంపెనీకి, ఫ్యాక్టరీకి అది రోజువారీ వ్యాపారం. ఈ కేసు ఓడినా రాబోయే కేసులకు పనికివచ్చే సూత్రం సంపాదించుకుంటే చాలు. చెయ్యి కాలినవాడికి ఉన్నది ఒక్కటే కేసు, ఒక్కటే చెయ్యి. 1984లో ఓవెన్ ఫిస్ ఇంకొక అడుగు వేసి, బీదవాడి అవసరమే అతని చేత సంతకం చేయిస్తుంది గనుక రాజీలో సమ్మతి తరచు బలవంతపు సమ్మతేనని వాదించాడు. అప్పు ఇచ్చినవాడు ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి వుంటే బేరం ఎంతసేపు సాగుతుంది?

అదే 1984 డిసెంబరులో భోపాల్. 1985లో బాధితుల తరఫున మాట్లాడే హక్కునంతా ప్రభుత్వమే చట్టం చేసి తన చేతిలోకి తీసుకున్నది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితులను అడిగినవారు లేరు. ఆ తర్వాత తేలిన చావులు, రోగాలు, వైకల్యాలు ఆ రాజీలో ఇమడలేదు. ఆ మొత్తం చాలదని మొరపెట్టుకుంటే 2023 మార్చిలో సుప్రీంకోర్టు తలుపు ఆఖరుసారి మూసింది. ఇది రసాయనాల వాడలో బతికేవాళ్లంతా కంఠస్థం చేయవలసిన పాఠం.

ఇంత అనుభవం తర్వాత చట్టం కూడా కొంత నేర్చుకున్నది. ప్రజాప్రయోజనంతో కూడిన ప్రాతినిధ్య వ్యాజ్యాలు రాజీమార్గానికి తగినవి కావని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు వర్గీకరించింది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం మొదటి షెడ్యూలులో, మధ్యవర్తిత్వానికి పనికిరాని వివాదాల పట్టిక వున్నది. చర్చలో లేని మూడవవాడి హక్కును దెబ్బతీసే వివాదాలు అందులో వున్నాయి. హరిత ట్రిబ్యునలు పరిధిలోని వ్యవహారాలున్నాయి. భూసేకరణ పరిహారం వున్నది. అంటే వాగు దిగువనున్న ఆ నలభైమంది మాట, వారు పోయిన తర్వాత, పార్లమెంటు చట్టంలోకి ఎక్కింది. అదే చట్టంలో ఊళ్లల్లో శాంతిభద్రతల తగాదాలకు సామూహిక మధ్యవర్తిత్వమనే అధ్యాయమూ వున్నది. ఫ్యాక్టరీ పొగ తగాదాను శాంతిభద్రతల తగాదాగా పేరు మార్చి అరుగు మీదికి తీసుకురావటానికి ఎంత తెలివి కావాలి? పెద్దగా అక్కరలేదు. ఆ పట్టిక చదివినవాడొకడు ఊళ్లో వుంటే మాత్రం అది సాగదు.

2025 జూన్ 30న పాశమైలారంలో మందులకు వాడే పొడి తయారుచేసే కర్మాగారం పేలి యాభైమందికి పైగా మరణించారు. ఎక్కువమంది బీహారు, ఒడిశా మొదలైన చోట్ల నుంచి వచ్చిన వలస కూలీలు. వారి మనుషులు శవాల కోసం రోజుల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. వాళ్లకు పరిహారపు కాగితాల భాష ఇంగ్లీషు. పంచుతున్న అధికారుల భాష తెలుగు. వారి ఇంటిభాష ఈ రెండూ కావు. 1921లో ఆలంపల్లి వారికి జరిగిన అవమానాన్ని ఏటేటా తలచుకునే మనం, మన గడ్డమీద ఒక భోజ్‌పురీ, ఒక ఒడియా స్త్రీ ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నదో అడిగి చూశామా? నేనైతే అడగలేదు.

2025 నవంబరు 21 నుంచి పాత నష్టపరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. పాత సెక్షన్ల నంబర్లు పోయినాయి. యూనియను వాళ్లు, గురువులు మళ్లీ మొదటినుంచి చదవాలి, చదివించాలి.

ఇప్పుడు చదువులో నిలబెట్టటం అనే మొదటి పని దగ్గరికి వస్తాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష ఇంగ్లీషులో, ఖరీదైన కోచింగు పునాది మీద నడుస్తున్నది. ఈ అన్యాయాన్ని చూసి 2010లో షమ్నాద్ బషీర్ అనే న్యాయాచార్యుడు "ఇడియా" అనే సంస్థను ప్రారంభించి, బీదపిల్లలను వెదికి, న్యాయవిద్యార్థుల చేతనే పాఠాలు చెప్పించి ఆ పరీక్ష గట్టెక్కించే ఏర్పాటు చేశాడు. 2019లో అకాలమరణం పాలయ్యాడు. ఆయన గమనించిన విషయమొకటి ఎన్నదగినది: సీటు రావటంతో పని అయిపోదు, లోపల అడుగుపెట్టిన తర్వాత కూడా ఆ పిల్లవాడికి ఇంగ్లీషులో, డబ్బులో, మనోధైర్యంలో వెన్ను కాయాలి. మన సంగారెడ్డిలో గిరిజన గురుకుల న్యాయ కళాశాల వచ్చింది. తండాల పిల్లలు అక్కడ సెక్షన్లు చదువుతున్నారు. చదివించటంలో వున్న చిక్కు అధికారుల సమీక్షలకు అందేది కాదు. తీర్పు చదవటమంటే వాస్తవాలేవి, తేలవలసిన ప్రశ్న ఏది, జడ్జి ఇచ్చిన హేతువేది అని వడ్లు తూర్పారబట్టినట్టు విడదీయటం. ఇంగ్లీషులో పుట్టిపెరిగిన పిల్లవాడు వాక్యం అర్థమై హేతువు దగ్గర తికమకపడతాడు. మన పిల్లవాడు హేతువు దగ్గర తడబడడు, బతుకు నేర్పింది. వాక్యం దగ్గరే ఆగిపోతాడు. ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి ఇద్దరినీ ఒకే తూనికలో తూచి, రెండవవాణ్ణి మందబుద్ధి అంటున్నాం.

ఇక్కడ తెలుగు ఉపన్యాసకులకు పని వున్నది. తెలుగులో చట్టం సాధ్యం కాదనేవారికి 2023 జూన్ చివరిలో తెలంగాణ హైకోర్టు జవాబిచ్చింది; జస్టిస్ నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరించింది. ఒక్క కోయిల, అంతే. రాజ్యాంగంలోని 348వ అధికరణం హైకోర్టు భాష ఇంగ్లీషని చెబుతున్నంత కాలం అది అరుదుగానే కూస్తుంది. అయినా హైకోర్టు దాకా ఎందుకు? వేలిముద్ర పడే కాగితం తెలుగులో వుండాలని అడగటానికి ఏ అధికరణమూ అడ్డు రాదు. అన్వయం, తాత్పర్యం అని మనం రోజూ బల్లగుద్ది చెబుతుంటాం. ఒక స్టాంపు కాగితానికి అన్వయం చెప్పటం మా సిలబసులో లేదు. పెట్టాలని బోర్డు సమావేశంలో నేను ప్రతిపాదిస్తే నవ్వినవారిలో అభ్యుదయవాదులూ వున్నారు.

ఆ కుర్రవాడి సంగతి. తండ్రి పేర కమిషనరు ముందు దరఖాస్తు పెట్టుకున్నాడు. మొదటి ముసాయిదా తనే తెలుగులో రాశాడు. మా మిత్రుడు ఎర్రసిరాతో దిద్ది మూడుసార్లు వెనక్కి ఇచ్చారు. రాజీ చేసిన పెద్దమనుషుల్లో ఒకరు ఇంటికి వచ్చి, "ఒప్పుకున్నంక మాట తప్పుడు మంచిది గాదు" అన్నాడట. తండ్రి మెత్తబడ్డాడు. కొడుకు మాత్రం లోపలికి వెళ్లి తెలుగులో రాసుకున్న ఆ పదకొండు వాక్యాలు తెచ్చి, "ఏ మాటకు ఒప్పుకున్నడో జర మీరే చదివి చెప్పుండ్రి పెదనాయినా" అన్నాడు. ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదని వెళ్లిపోయాడు. కేసు ఇంకా నడుస్తున్నది.

డిగ్రీ అయిన తర్వాత లాసెట్ రాసి న్యాయకళాశాలలో చేరాడు. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చి, వివాద పరిష్కారం క్లాసులో జరిగిన సంగతి చెప్పాడు. ముగ్గురేసి విద్యార్థులను జట్లు కట్టి, ఒకరు ఫ్యాక్టరీ మేనేజరు, ఒకరు గాయపడ్డ కార్మికుడు, ఒకరు మధ్యవర్తి అని పాత్రలు పంచారట. అందరూ మధ్యవర్తి పాత్రే కోరుకున్నారు. ఇతను కార్మికుడి పాత్ర అడిగి తీసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో రాజీ కుదరాలని నియమం. మధ్యవర్తి కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నప్పుడు, "నాకు చదువుకోనీకి రెండు దినాలు గడువు కావాలె" అన్నాడు. అందుకు నియమాల్లో వీలున్నదో లేదో ఎవరికీ తెలియక, అందరూ మాస్టారి వైపు చూశారట.